మేము నుంచి మనం దాకా

ఓడ దిగి వచ్చి మన మాట నేర్చుకుని, ఈ మట్టిలోనే కలిసిపోయిన ఒక మిషనరీ కుటుంబం యథార్థ గాథ

ఒట్టపిడారం. తూత్తుకుడి జిల్లాలో నల్లరేగడి నేల మీద ఉన్న ఊరు. ఆ నేలను అక్కడివాళ్ళు కరిసల్ అంటారు. పత్తి, మిరప, మినుము, సజ్జ పండుతాయి. పొద్దు వాలేవేళ ఈ చుట్టుపక్కల పల్లెల్లో రాజకంబళం నాయకర్ల వీధి వెంట నడిస్తే ఒక పిలుపు వినిపిస్తుంది.

"రా నాయనా, కూడు చల్లారిపోతుంది."

వీధిలో ఆడుకుంటున్న మనవడు తల తిప్పకుండానే బదులిస్తాడు.

"ఇందా వారేన్ అవ్వా!"

పిలుపు తెలుగు. 'ఇదిగో వస్తున్నా' అన్న బదులు తమిళం. దాని చివరనున్న 'అవ్వా' మళ్ళీ తెలుగు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రాత అంతా తమిళం. విజయనగరం నాటి నుంచి, మదురై నాయకుల కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్ళివి. ఒట్టపిడారం పక్కనే ఉన్న పాంచాలంకురిచ్చిని ఏలిన వీరపాండ్య కట్టబొమ్మన్ ఇలాంటి ఇంట్లోనే పుట్టాడు. వాళ్ళ ఇలవేల్పు జక్కమ్మ. ఆమె గుడి ఇప్పటికీ పాంచాలంకురిచ్చిలో ఉంది.

ఇంటికి వచ్చిన చుట్టంతో అవ్వ "మన ఇల్లే, కూర్చో" అంటుంది. దారి అడిగిన బాటసారితో "మా ఇల్లు అదిగో" అంటుంది. మన, మా. ఈ రెండింటికీ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఉగ్గుపాలతో వచ్చింది.

ఆ తేడా పుట్టుకతో రానివాడు, ఇంకో దేశంలో ఇంకో భాషలో పెరిగినవాడు, దాన్ని ఎలా నేర్చుకుంటాడు? ఎన్నేళ్ళు పడుతుంది? ఎవరు నేర్పుతారు? ఇదే సీమలో ఒక కుటుంబం తన బతుకంతా ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంది. ఆ కథ ఒక ఓడలో మొదలవుతుంది. ఆ ఓడలో ఒక తెలుగు పండితుడు ఉన్నాడు.

ఓడలో దొరికిన తోడు

1837. మేరీ యాన్ అనే ఓడ ఇంగ్లండు తీరం వదిలి మద్రాసు దారి పట్టింది. అప్పటికి సూయజ్ కాలువ తవ్వలేదు. ఆఫ్రికా కొసను చుట్టి రావాలి. నెలల తరబడి నీళ్ళు తప్ప నేల కనబడదు.

ఆ ఓడలో రాబర్ట్ కాల్డ్‌వెల్ అనే 23 ఏళ్ళ యువకుడు ఉన్నాడు. పుట్టింది ఐర్లండులోని ఆంట్రిమ్ ప్రాంతంలో, 1814 మే 7న. తల్లిదండ్రులు స్కాట్లండువాళ్ళు. మొదట చిత్రకళ నేర్చుకున్నాడు. తర్వాత మనసు మతసేవ వైపు మళ్ళింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో గ్రీకు చెప్పిన డేనియల్ శాండ్‌ఫర్డ్ పాఠాలు అతనిలో ఇంకో ఆసక్తి రేపాయి. భాషలను పక్కపక్కన పెట్టి చూస్తే చుట్టరికాలు బయటపడతాయన్న ఆలోచన అక్కడే నాటుకుంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఇప్పుడు మద్రాసుకు వస్తున్నాడు. తమిళం ఒక్క ముక్క రాదు.

అదే ఓడలో నలభైకి చేరువవుతున్న ఒక ఉద్యోగి సెలవు ముగించుకుని తిరిగి వస్తున్నాడు. తెలుగువాళ్ళు ఇప్పటికీ కృతజ్ఞతతో తలుచుకునే పేరు అది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ కూడా మిషనరీ ఇంటి బిడ్డే. తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో మతబోధకుడు. 1798లో కలకత్తాలోనే పుట్టిన చార్లెస్‌కు ఆయన చిన్నప్పుడే హీబ్రూ, అరబ్బీ, పారసీ, హిందుస్తానీ నేర్పించాడు. భోజనాల బల్ల దగ్గరే నాలుగైదు భాషలు వినిపించే ఇల్లు. అందుకే 1820లో కడపకు వచ్చినప్పుడు తెలుగు అతన్ని భయపెట్టలేదు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి వంటి పండితులను దగ్గర పెట్టుకుని వేమన పద్యాలు సేకరించాడు, పరిష్కరించాడు, 1829లో అచ్చు వేయించాడు.

ఓడ పైతట్టు మీద ఆ ఇద్దరినీ ఊహించుకోండి. ఒకరు ఇంకా తొలి అక్షరం దిద్దని శిష్యుడు. మరొకరు పదిహేడేళ్ళుగా తెలుగుతో కాపురం చేస్తున్నవాడు. తెలుగుదేశపు పల్లెల గురించి, సంస్కృతం గురించి, పండితుల గురించి వినడానికి ఆ యువకుడికి అంతకంటే మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు? ముసలితనంలో తన జ్ఞాపకాలు చెప్పుకున్నప్పుడు కాల్డ్‌వెల్ ఆ తోటి ప్రయాణికుణ్ణి మరిచిపోలేదు. 1838 జనవరి 8న ఓడ మద్రాసు చేరింది. దక్షిణ భారతదేశంలో అడుగు పెట్టకముందే అతను కలుసుకున్న మొదటి భాషావేత్త తెలుగు పండితుడు.

మున్షీ నేర్పని మాట

మద్రాసులో అసలు పాఠం మొదలైంది. కొత్తగా వచ్చిన ప్రతి దొరకూ ఒక మున్షీ ఉండేవాడు. తాటాకు పుస్తకం, ఓపిక, వ్యాకరణ సూత్రం. కాల్డ్‌వెల్ మూడేళ్ళకు పైగా ఆ నగరంలో గడిపాడు. అదే సొసైటీకి చెందిన డ్రూ అప్పట్లో తిరుక్కుఱళ్‌ను ఇంగ్లీషులోకి తెస్తున్నాడు. దాని మొదటి భాగం 1840లో వెలువడింది. తమిళాన్ని గౌరవంగా చూసే మనుషుల మధ్య అతని చదువు సాగింది.

కానీ తమిళం రెండుగా ఉంటుంది. మున్షీ నేర్పేది సెందమిళ్, గ్రంథాల భాష. వీధి మాట్లాడేది ఇంకొకటి. మనకు గ్రాంథికం, వ్యావహారికం ఎలాగో అలాగే. పుస్తకంలో 'వరుగిఱేన్' అని నేర్చుకున్నవాడు బయటికి వస్తే, ఒట్టపిడారం కుర్రవాడు 'వారేన్' అంటాడు. ఒక్క మాటలో ఇంత దూరమైతే, ఒక దుఃఖంలో, ఒక సంతోషంలో ఎంత దూరం ఉంటుంది? దొర అచ్చుపుస్తకంలా మాట్లాడితే జనం దండం పెడతారు. మనసు విప్పరు.

ఆ దూరం తగ్గించుకోవడానికి కాల్డ్‌వెల్ ఎంచుకున్న దారి ఆ కాలపు తెల్లవాళ్ళను ఆశ్చర్యపరిచింది. 1841లో అతను ఆంగ్లికన్ సంఘానికి చెందిన ఎస్.పి.జి. మిషన్‌లో చేరాడు. తిరునెల్వేలి సీమకు పొమ్మన్నారు. మామూలుగా దొరలు పల్లకీలో వెళ్ళేవాళ్ళు, బోయీలు మోసేవాళ్ళు. అతను నడిచాడు. మద్రాసు నుంచి తరంగంబాడి, తంజావూరు, నీలగిరులు, మదురై మీదుగా వందల మైళ్ళు. పల్లకీలో వెళ్ళేవాడికి బోయీల పదం ఒక్కటే వినిపిస్తుంది. నడిచేవాడికి బావి దగ్గర మాట, సత్రం అరుగు మీద మాట, సంతలో బేరం మాట, దారి చూపించే పిల్లవాడి మాట అన్నీ చెవిన పడతాయి. నెలలపాటు సాగిన ఆ నడకే అతనికి అన్నిటికన్నా పెద్ద బడి అయింది.

మదురై దాటి దక్షిణానికి దిగితే నేల రంగు నల్లబడుతుంది. విరుదుపట్టి, సాత్తూరు, కోవిల్‌పట్టి. నేటి విరుదునగరమే ఆనాటి విరుదుపట్టి. ఈ సీమలో తమిళంతోపాటు నాయకర్లు, రెడ్లు, కమ్మవారు మాట్లాడే తెలుగు కూడా గాలిలో ఉంటుంది. అంతకు నూట ముప్పై ఏళ్ళ ముందే ఇటలీ నుంచి వచ్చిన జెసూట్ బెస్కీ ఈ దగ్గరలోని కామనాయకన్‌పట్టిలో ఉండి తమిళం నేర్చి వీరమామునివర్ అయ్యాడు. ఆ చుట్టుపక్కలే కయత్తారు. 1799 అక్టోబరు 16న కట్టబొమ్మన్‌ను ఉరి తీసిన ఊరు. కాల్డ్‌వెల్ వచ్చేనాటికి ఆ ఉరిని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా బతికే ఉండే కాలం.

1841 చివరికి అతను ఇడయన్‌గుడి చేరాడు. అక్కడ నల్లరేగడి లేదు. ఎర్ర ఇసుక దిబ్బలు, వాటి మీద కనుచూపు మేర తాటిచెట్లు. చెట్టెక్కి కల్లు, పదనీరు దించి తాటిబెల్లం కాచుకునే నాడార్ల సీమ. 27 ఏళ్ళ ఒంటరివాడు ఆ ఇసుకలో కాలు మోపాడు.

తమిళంలో పెరిగిన అమ్మాయి

ఆ ఇంటికి అసలైన తమిళం 1844 మార్చిలో కోడలిగా వచ్చింది.

ఆమె పేరు ఎలైజా మాల్ట్. తండ్రి చార్లెస్ మాల్ట్, తల్లి మార్తా. ఆ దంపతులు 1819లో తిరువాన్కూరు రాజ్యంలోని నాగర్‌కోవిల్‌కు వచ్చిన మిషనరీలు. మార్తా అక్కడ ఆడపిల్లలకు చదువు చెప్పింది, లేసు అల్లిక నేర్పింది. దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారపు కండెలు అటూ ఇటూ వేస్తూ అల్లే నాజూకు పని అది. ఆ రాజ్యంలో అప్పుడు బానిసత్వం ఉండేది. ఆ అల్లిక మీద వచ్చిన డబ్బుతో తమను తాము విడిపించుకున్న అమ్మాయిలు ఉన్నారు. అలాంటి పిల్లల మధ్య, వాళ్ళ పాటల మధ్య, వాళ్ళ తల్లుల కబుర్ల మధ్య 1822లో ఎలైజా పుట్టింది. భర్త ఆరేళ్ళుగా కష్టపడి నేర్చుకుంటున్న భాషలో ఆమె మొదటి నవ్వు నవ్వింది.

మిషన్ బంగళాల్లో జరిగే ఒక సంగతి ఈ దేశంలో చాలా మంది చూసిందే. దొర మున్షీతో కుస్తీ పడుతుంటాడు. దొరసాని వంటవాడితో సైగలు చేస్తుంటుంది. పాకే బిడ్డ మాత్రం ఆయా చంకలో కూర్చుని ఊరి భాష తాగేస్తుంటుంది. రెండేళ్ళు తిరిగేసరికి తల్లికీ పనిమనిషికీ మధ్య దుబాసీ ఆ బిడ్డే. ఈనాడూ అంతే. ఆఫ్రికాలో ఫ్రెంచి చెల్లే దేశాలకు వెళ్ళే మిషనరీ కుటుంబాలు ముందుగా ఫ్రాన్సులో నెలల తరబడి ఉండి ఆ భాష నేర్చుకుంటాయి. ఆల్ప్స్ కొండల పాదాన ఉన్న ఆల్బర్‌విల్ పట్టణం అలాంటి చదువుకు పేరుపడింది. తండ్రి క్రియారూపాలు వల్లిస్తుంటాడు. తల్లి అంగడిలో రొట్టె పేరు తప్పు పలికి తడబడుతుంది. ఊరి బడిలో చేరిన పిల్లవాడు ఆటల మధ్యలో ఆ మాటలన్నీ నోట పట్టేస్తాడు. అప్పటి నుంచి ఆ ఇంటి భాషా గురువు వాడే.

ఎలైజా అలాంటి బిడ్డ. పెరిగి పెద్దదై, అదే భాషతో కాపురానికి వచ్చింది.

ఇడయన్‌గుడిలో ఆమె ఆడపిల్లల బడి పెట్టింది. తల్లి నేర్పిన లేసు దిండును ఇక్కడికీ తెచ్చింది. వరండాలో వరసగా కూర్చున్న పిల్లలు కుట్లు లెక్కపెడతారు. ఒణ్ణు, రెండు, మూణు, నాలు. తెలుగు చెవికి ఆ లెక్క ఎంత దగ్గర! రెండు మనకూ రెండే. పురుషుడైన మిషనరీ వీధి అరుగు దాకా వెళ్ళగలడు. ఎలైజా వంటింటి గడప దాటగలదు. పురిటి మాట, జబ్బు మాట, అత్తాకోడళ్ళ మాట, చావింట్లో ఏడుస్తూ పాడే ఒప్పారి ఆమె చెవికి చేరేవి. పుస్తకం ఎరగని భాష అంతా అక్కడే ఉంటుంది. ఆ మాట రాత్రి భోజనాల వేళకు కాల్డ్‌వెల్ ఇంటికి చేరేది. భార్య తమిళం ముందు తన తమిళం చదువుకున్న తమిళమేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

వాళ్ళకు ఏడుగురు పిల్లలు పుట్టారు. పెద్దకూతురు ఇసబెల్లా ఇంకో మిషనరీ జె.ఎల్. వ్యాట్‌ను పెళ్ళాడి తిరుచ్చిరాపల్లికి వెళ్ళింది. అమ్మమ్మ మార్తా, అమ్మ ఎలైజా, కూతురు ఇసబెల్లా. మూడు తరాల ఆడవాళ్ళ చేతి మీదుగా తమిళం ఆ కుటుంబంలో ఇంటి భాష అయింది.

రెండు 'మనం'లు

ఇప్పుడు అవ్వ దగ్గరికి మళ్ళీ వద్దాం. మన, మా.

ఇంగ్లీషులో దీనికి 'వీ' అన్న ఒక్క మాటే ఉంది. ఫ్రెంచిలో 'నూ' ఒక్కటే. తమిళంలో రెండు. 'నామ్' అంటే మనం, వింటున్న నువ్వూ నాతో ఉన్నావు. 'నాంగళ్' అంటే మేము, నువ్వు అందులో లేవు. 'నమ్మ ఊరు' మన ఊరు. 'ఎంగ ఊరు' మా ఊరు.

బోధకుడికి ఇది వ్యాకరణంలో చిన్న విషయమేమీ కాదు. ప్రార్థనలో దేవుణ్ణి తండ్రీ అని పిలిచేటప్పుడు 'మా' అనాలి. 'మన' అంటే దేవుడికి కూడా ఒక తండ్రి ఉన్నాడని అర్థం వస్తుంది. అదే నోటితో సభ వైపు తిరిగి 'మేము పాపులం' అంటే, మీరు మాత్రం కాదు అని చెప్పినట్టవుతుంది. 'మనం' అనాలి. ఒక్క అక్షరం తప్పితే దేవుడు పాపుల్లో కలుస్తాడు, లేదా ఎదుటి మనుషులు గుడి బయట నిలబడతారు. 1858 నుంచి దశాబ్దం పైగా తమిళ బైబిలు సవరణ సంఘంలో కాల్డ్‌వెల్ కూర్చున్నాడు. తమిళ ప్రార్థనా గ్రంథం సవరణలోనూ పనిచేశాడు. మాటకు మాట బరువు తూచిన పని అది.

తన పెద్ద పుస్తకంలో అతను ఈ రెండు సర్వనామాల మీద ప్రత్యేకంగా ఆగాడు. తమిళంలో నామ్, నాంగళ్. తెలుగులో మనము, మేము. ఇది సంస్కృతం నుంచి వచ్చే లక్షణం కాదు. సంస్కృతంలో ఈ తేడా లేదు. అంటే ఈ భాషల వేరు వేరే చోట ఉంది.

ఆ పుస్తకం 1856లో లండన్‌లో అచ్చయింది. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం. జబ్బుపడి సెలవు మీద ఇంగ్లండు వెళ్ళిన రోజుల్లో పూర్తి చేసిన పని. కుమారిలభట్టు వాడిన ఆంధ్రద్రావిడ అన్న మాట ఆధారంగా ఈ కుటుంబానికి 'ద్రావిడ' అనే పేరు స్థిరపరిచాడు. 1875లో పెంచి అచ్చువేసిన రెండో కూర్పులో 12 భాషలను లెక్కించాడు. తీర్చిదిద్దుకున్నవి ఆరు, లిపికి దూరంగా అడవుల్లో, కొండల్లో బతుకుతున్నవి ఆరు.

ఈ మాట మొదట అన్నవాడు అతనే కాదు. 1816లోనే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దక్షిణాది భాషలన్నీ ఒక తల్లి బిడ్డలని నిరూపించాడు. ఆ నిరూపణ వెలువడింది క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటలో భాగంగా. అంతకు ముందే, 1760లలో, తెలుగు సీమలో బతికిన ఫ్రెంచి జెసూట్ కూర్దూ సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న చుట్టరికాన్ని పారిస్ పండితులకు రాసి పంపాడు. తెలుగుకు ఫ్రెంచిలో అర్థాలిచ్చే నిఘంటువు కూర్చినవాడూ ఆయనే. ఈ గొలుసులో ప్రతి కొలికి దగ్గరా తెలుగు ఉంది. కాల్డ్‌వెల్ పుస్తకంలో తెలుగు చర్చకు వచ్చిన చోట సి.పి. బ్రౌన్ పేరు పలుకుతుంది. ఓడలో కలిసినవాడు పుస్తకంలో మళ్ళీ కలిశాడు.

ఆ పుస్తకం చెప్పిన చుట్టరికం మనం ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. తమిళులు ఊర్, పేర్, వేర్, పాల్, కాల్ అంటారు. చివర ఒక 'ఉ' చేర్చండి. ఊరు, పేరు, వేరు, పాలు, కాలు. వాళ్ళ కణ్ మన కన్ను. మాట చివర అచ్చుతో మెత్తబడే తెలుగు తీపిని అతను గుర్తించాడు. చెవికి ఇంపులో తమిళం కన్నా తెలుగే మిన్న అని రాశాడు. జీవితమంతా తమిళానికి అంకితం చేసిన మనిషి ఇచ్చిన సాక్ష్యం అది.

ముఖపత్రం మీద ఒక్క పేరే ఉంది. మున్షీల పేర్లు లేవు. తాటాకులు చదివిపెట్టిన పండితుల పేర్లు లేవు. వంటింటి తమిళాన్ని రోజూ భోజనాల బల్ల దాకా తెచ్చిన ఎలైజా పేరు లేదు. ఆ పేర్లన్నీ ఆ ముఖపత్రం వెనకే ఉన్నాయని నా నమ్మకం.

మాట తెలిసీ మనసు నొప్పించినప్పుడు

యథార్థ గాథ అంటే నచ్చని పుట కూడా చదవాలి.

1849లో, అంటే ఇడయన్‌గుడి చేరిన ఎనిమిదేళ్ళకు, కాల్డ్‌వెల్ తిరునెల్వేలి శాణార్ల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. శాణార్ అన్నది నాడార్లను అప్పట్లో పిలిచిన పేరు. తన చుట్టూ ఉన్న మనుషులే, తన పిల్లలను ఎత్తుకున్న మనుషులే. వాళ్ళను బయటినుంచి వచ్చినవాళ్ళుగా, తక్కువ స్థాయివాళ్ళుగా చిత్రించాడు. అది ఇంగ్లండు పాఠకుల కోసం ఇంగ్లీషులో రాసింది. కానీ అప్పటికే మిషన్ బడుల్లో ఇంగ్లీషు నేర్చుకున్న నాడార్ యువకులు ఉన్నారు. చదివారు. రగిలిపోయారు. మిషన్‌తో విభేదించిన అరుమైనాయగం సట్టాంపిళ్ళై 1857లో తెల్లవాళ్ళ పెత్తనం లేని సొంత సంఘాన్నే స్థాపించాడు. తమ జాతి గౌరవం గురించి నాడార్లు రచనలు చేశారు, అర్జీలు పెట్టారు. ఆ పుస్తకం మీద నిరసన దశాబ్దాలు సాగింది.

'మనం', 'మేము' తేడాను ప్రపంచానికి విప్పి చెప్పబోయే మనిషే ఆ పుస్తకంలో పొరుగువాళ్ళను 'వాళ్ళు' అన్నాడు. వ్యాకరణం తెలియడం వేరు, దాన్ని జీవించడం వేరు. భాష నోటికి వచ్చినంత త్వరగా మనసుకు రాదు. దానికి ఒక బతుకంతా పడుతుంది.

అయినా సెలవులు మినహా ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా అతను ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఇడయన్‌గుడి చర్చికి 1847లో పునాది వేశారు. చిత్రకళ నేర్చిన చేతితో కిటికీల నమూనాలు తానే మట్టితో చేసి మేస్త్రీలకు చూపించాడు. డబ్బు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం లేస్తూ, 33 ఏళ్ళకు, 1880లో ఆ గుడి పూర్తయింది. మధ్యలో 1876-78 ధాత కరువు వచ్చింది. 1877లో బిషప్ అయిన కాల్డ్‌వెల్‌కు ఆ హోదాతోపాటే ఆకలి ఊళ్ళు చేతికొచ్చాయి.

ఒట్టపిడారం బాట

1881లో ఆయన తిరునెల్వేలి జిల్లా చరిత్ర రాశాడు. మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. కథ తిరిగి మన ఒట్టపిడారం చేరేది అందులోనే. పాంచాలంకురిచ్చి యుద్ధాలు రెండూ అందులో ఉన్నాయి. తెలుగు మాట్లాడే పాళెగార్లు, కట్టబొమ్మన్ ఉరి, 1801లో పాళయంకోట జైలు నుంచి తప్పించుకు వచ్చిన తమ్ముడు ఊమైత్తురై. కూల్చిన మట్టికోటను అతని మనుషులు రోజుల్లోనే మళ్ళీ లేపారు. 1801 మే 24న అది చివరిసారిగా పడింది.

ఊమైత్తురై అంటే మూగదొర. మాట సరిగా రానివాడు. ఆ యుద్ధంలో పాల్గొన్న వెల్ష్ అనే సైనికాధికారి అతని గురించి రాసిన సంగతులను కాల్డ్‌వెల్ తన చరిత్రలో చేర్చాడు. ఎడమ అరచేతిలో గడ్డిపరకలు పెట్టుకుంటాడట. అవి ఇంగ్లీషు సిపాయిలు. రెండో చేత్తో ఒక్కసారిగా ఊడ్చేస్తాడట. అంతే, వేలమంది కదిలేవారు. భాషల మీద బతుకంతా ధారపోసిన పండితుడు ఆ పుట దగ్గర ఏమనుకుని ఉంటాడో! తెలుగు లేదు, తమిళం లేదు, ఒక్క అక్షరం లేదు. కానీ ఆ అరచేయి 'మనం' అంది. జనమంతా విన్నారు.

1883లో కాల్డ్‌వెల్ కుటుంబం తూత్తుకుడికి మారింది. ఆయన పేరు మీద అక్కడ విద్యాలయం వెలిసింది. కొన్నేళ్ళకు ఒట్టపిడారం నుంచి ఒక కుర్రవాడు చదువు కోసం తూత్తుకుడి వచ్చాడు. కాల్డ్‌వెల్ బడిలోనూ చదివాడు. 1872 సెప్టెంబరు 5న పుట్టిన ఆ పిల్లవాడు వి.ఓ. చిదంబరం పిళ్ళై. 1906లో ఇంగ్లీషువాళ్ళ ఓడలకు పోటీగా స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి, 1908లో జైలుకు వెళ్ళి, కప్పలోట్టియ తమిళన్, అంటే ఓడ నడిపిన తమిళుడు అయ్యాడు. తమిళానికి ఆది వ్యాకరణమైన తొల్కాప్పియాన్ని పాత వ్యాఖ్యానంతో అచ్చు వేయించడానికి పాటుపడ్డాడు. ఓడలో వచ్చినవాడి బడిలో చదివి సొంత ఓడ నడిపాడు. ఇద్దరి జీవితంలోనూ ఓడ ఉంది, వ్యాకరణం ఉంది.

కాల్డ్‌వెల్ 1891 ఆగస్టు 28న కొడైక్కానల్‌లో కన్నుమూశాడు. ఐర్లండుకు పంపలేదు. తాను కట్టిన ఇడయన్‌గుడి గుడిలోనే ఖననం చేశారు. 1894లో ఆయన జ్ఞాపకాలను పుస్తకంగా కూర్చింది ఇసబెల్లా భర్త వ్యాట్. ఎలైజా 1899 వరకు బతికింది. 1913లో వ్యాకరణం మూడో కూర్పును వ్యాట్, టి. రామకృష్ణ పిళ్ళై కలిసి సరిచూశారు. ముఖపత్రం మీదికి ఎట్టకేలకు ఒక తమిళ పేరు వచ్చింది. 1968లో రెండో ప్రపంచ తమిళ మహాసభల వేళ మద్రాసు మెరీనా తీరంలో ఆయన విగ్రహం నిలిచింది.

గడప లోపలి బడి

ఈ కుటుంబం కథ తెలుగువాళ్ళం మనమెందుకు చదవాలి?

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అని ఒక పల్లె ఉంది. అక్కడ తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో మహా రచయిత అయ్యాడు. దక్షిణానికి తరలివచ్చిన తెలుగువాళ్ళ కథను నవలలుగా రాశాడు. వాటిలో 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. కరిసల్ నేల మీద జనం నోట ఆడే తమిళ మాటలకు నిఘంటువు కూర్చినవాడూ ఆయనే. తెలుగు తల్లి ఒడిలో పెరిగినవాడు పొరుగు మాటకు అంత సేవ చేయగలిగాడు. ఒక భాషను ఇంట్లో దాచుకున్నవాడికి ఇంకో భాష బరువు కాదు.

కాల్డ్‌వెల్ ఇంట్లోనూ జరిగింది అదే. పండితుడికి మున్షీ ఇచ్చింది వ్యాకరణం. దారి ఇచ్చింది చెవి. ఇల్లాలు ఇచ్చింది నోరు. ఆ మూడూ కలిస్తేనే ఒక పరాయివాడు 'మేము' దాటి 'మనం' వైపు నడిచాడు. మధ్యలో తడబడ్డాడు, నొప్పించాడు. అయినా నడక ఆపలేదు.

ఇవాళ మన పిల్లలు దేశాలు దాటి వెళ్తున్నారు. జర్మన్ నేర్చుకుంటున్నారు, ఫ్రెంచి నేర్చుకుంటున్నారు. ఎంతో మంచిది. అక్కడి పొరుగువాళ్ళతో 'మనం' అనగలిగేంతగా నేర్చుకోవాలి. కానీ ఆ 'మనం' ఎలా ఉంటుందో వాళ్ళకు మొదట తెలియాల్సింది మన వంటింట్లో. పిలిచే నోరు ఒకటి ఇంట్లో ఉండాలి.

పాంచాలంకురిచ్చి దారిలో చీకటి పడుతుంది. మనవడు ఆట ముగించి కాళ్ళు కడుక్కుని వస్తాడు. వెంట పక్కింటి స్నేహితుడు, తెలుగు రాని తమిళ పిల్లవాడు. గడప దగ్గర తటపటాయిస్తాడు. అవ్వ రెండో కంచం తీసి పెడుతుంది. ఆ పిల్లవాడికి అర్థమవుతుందో లేదో అని ఆలోచించదు. తన మాటలోనే అంటుంది.

"మన ఇల్లే నాయనా, రా."

పిల్లవాడు లోపలికి వస్తాడు.